అమ్మమ్మ పెట్టెలో మార్కులు, మీ ఇంటి అప్పు

ఒకప్పటి తూర్పు జర్మనీలోని హాలె నగరం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. సొంతూరు ఒంగోలు. పన్నెండేళ్లుగా అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త ఆ ఊరివారే, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఏడేళ్ల పాప ఉంది. నెలకు ఆమెకు 2,900, ఆయనకు 2,600 యూరోలు చేతికొస్తాయి. అద్దె 950తో కలిపి ఖర్చు 3,200. బ్యాంకులో 95 వేల యూరోలు ఉన్నాయి.

ఈమధ్య భర్త తాలూకు అమ్మమ్మ 96 ఏళ్ల వయసులో పోయారు. ఆవిడ నేలమాళిగలో ఒక రేకుపెట్టె దొరికింది. అందులో 1910 నాటి వెయ్యి మార్కుల నోట్ల కట్ట, ఎర్రసిరాతో అడ్డంగా ముద్ర కొట్టిన నోట్లు, 'బిల్లియోన్' అని రాసి ఉన్న నోటు ఒకటి, ముత్తాత పేరిట 1917 నాటి యుద్ధబాండ్లు ఆరు (ఒక్కొక్కటి వెయ్యి మార్కులు), 1945 ఫిబ్రవరిలో ఆఖరి పద్దు పడిన పొదుపు పుస్తకం (4,200 రైష్‌మార్కులు, అంటే 1924 నుంచి 1948 దాకా నడిచిన డబ్బు), 1,300 తూర్పు జర్మనీ మార్కులు, 860 డాయిష్ మార్కులు (యూరోకు ముందు పశ్చిమ జర్మనీ డబ్బు, ఏకమయ్యాక దేశమంతటి డబ్బు) ఉన్నాయి. ఇంకా 'అత్తగారి పేరున్న ఆకుపచ్చ చిన్న పుస్తకం ఏదో' ఉందట. భర్త తమ్ముడు ఇవన్నీ కలిపితే లక్షల యూరోలు వస్తాయంటున్నాడు. 1953 లండన్ ఒప్పందం కింద బాండ్ల సొమ్ము ఇప్పిస్తానని ఒక ఏజెంటు 1,500 యూరోల ఫీజు అడుగుతున్నాడు.

అసలు గొడవ వేరే ఉంది. ఆమె అప్పు తీసుకుని 2 లక్షల 20 వేల యూరోల ఫ్లాట్ కొందామంటారు. ఆయన అప్పు మాటెత్తితే లేచి వెళ్లిపోతారు. 'మా ఇంట్లో అన్నీ పోయాయి, ఆ పెట్టె చూడు' అంటారు. అత్తగారు అమ్మమ్మ స్థలం అమ్మగా వచ్చిన 40 వేల యూరోలను నోట్లుగా ఇంట్లోనే దాచమంటున్నారు. ఒంగోలు నుంచి నాన్నగారేమో, 'జర్మనీలో నోట్లు చిత్తుకాగితాలైనప్పుడు అప్పు చేసినవాడే బాగుపడ్డాడు. అప్పు చేసి కొను, లేదంటే ఇక్కడ పొలం కొందాం' అంటున్నారు. 'అందరూ జర్మనీ చరిత్రే చెబుతున్నారు, ఒక్కొక్కరు ఒక్కోలా. ఎవరి మాట వినాలి?' అని ఆమె ప్రశ్న.

*

అమ్మా, ముందు పెట్టె సంగతి తేల్చేద్దాం. డబ్బు లెక్కన అందులో ఉన్నది చాలా తక్కువ. మీ ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా ఎందుకు మాట్లాడుతున్నారో మాత్రం ఆ కాగితాల్లోనే ఉంది. అందుకే ఒక్కొక్కటే తీసి చూద్దాం.

మొదట 860 డాయిష్ మార్కులు. ఇవి ఇవాళ్టికీ డబ్బే. జర్మనీ కేంద్రబ్యాంకు బుండెస్‌బాంక్ వీటిని గడువు లేకుండా, రుసుము లేకుండా మార్చి ఇస్తుంది. ఒక యూరోకు 1.95583 మార్కుల లెక్కన మీకు 439 యూరోల 71 సెంట్లు వస్తాయి. మామూలు బ్యాంకుకు వెళితే తీసుకోరు, బుండెస్‌బాంక్ శాఖకే వెళ్లాలి. మీకు దగ్గర్లో లైప్‌జిగ్‌లో ఉంది. గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. పోస్టులో పంపాలంటే మైన్జ్ శాఖకు ఫారం నింపి పంపాలి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ఈ నోట్లు ఎక్కువ ధరకు కొంటామని ఎవరైనా వస్తే, ముందు ఆ 439 యూరోలతో పోల్చి చూడండి.

తూర్పు జర్మనీ మార్కులు 1,300 ఎక్కడా మారవు. 1990 జూలై 1న తూర్పుకు డాయిష్ మార్కు వచ్చి మార్పిడి జరిగినప్పుడు చేతిలోని నోట్లకు నేరుగా నోట్లు ఇవ్వలేదు. ఆ నెల మొదటి వారంలోగా ఖాతాలో వేసుకోవాలి, ఖాతా మీదే మార్పిడి. వేయకుండా మిగిలినవి అప్పటితో పోయాయి. వెనక్కి వచ్చిన నోట్లను హాల్బర్‌స్టాట్ దగ్గర సొరంగంలో పూడ్చిపెట్టి, 2002లో తవ్వితీసి కాల్చేశారు. మీ దగ్గరున్నవి పాపకు చూపించడానికి పనికొస్తాయి.

ఇక మీ మరిది లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. ఎర్రసిరా ముద్ర ఉన్న నోటు మీద ఏం రాసి ఉంది? కింద 1922 డిసెంబరు తేదీతో వెయ్యి మార్కులు, దాని మీద అడ్డంగా 'ఐనె మిలియార్డె మార్క్'. అంటే 100 కోట్లు. కొత్త నోటు అచ్చువేసే వ్యవధి లేక, పాత వెయ్యి నోటునే 100 కోట్ల నోటుగా మార్చేశారు. 130కి పైగా అచ్చు కంపెనీలు రాత్రింబవళ్లు పనిచేసినా నోట్లు చాలని రోజులవి. ఇక 'బిల్లియోన్' అంటే ఇంగ్లీషు అలవాటులో 100 కోట్లనుకుంటాం గానీ, జర్మన్ లెక్కలో అది లక్ష కోట్లు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. యుద్ధానికి ముందు అదే డాలరుకు 4.20 మార్కులు. అంటే పన్నెండు సున్నాలు ఎగిరిపోయాయి. బెర్లిన్‌లో కిలో రొట్టె 20 వేల కోట్ల మార్కులు దాటిన నెల అది. కాబట్టి మీ 100 కోట్ల నోటుతో ఆ నెలలో రొట్టె ముక్క కూడా రాదు.

ఇక్కడే ఒక చిత్రముంది. అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న నోటుకే ఇప్పుడు సేకరించేవాళ్ల దగ్గర కాస్త ధర పలుకుతుంది, చిన్న అంకె నోట్లకు పలకదు. కారణం తేలిక. లక్ష కోట్ల నోటు, 1923 నవంబరులో వచ్చిన కొత్త డబ్బు రెంటెన్‌మార్కు ఒకదానికి సమానం, దాన్ని మార్చుకుంటే నిజమైన డబ్బొచ్చింది. అందుకని జనం తెచ్చి ఇచ్చేశారు, మిగిలినవి కొద్ది. చిన్న నోట్లను మార్చుకోవడానికి వెళ్లిన ట్రాముఖర్చు కూడా రాదు గనక అవి పెట్టెల్లోనే ఉండిపోయాయి. 1910 నాటి వెయ్యి మార్కుల నోటూ అంతే. ఎర్రసీలు ఉన్న ఆ నోట్లకు ప్రభుత్వం ఎప్పటికైనా బంగారం లెక్కన కట్టిస్తుందని జనం ఏళ్ల తరబడి దాచుకున్నారు. కట్టివ్వలేదు. అలా దాచినవి లక్షల్లో ఉండబట్టే ఇప్పుడు నోటుకు కొద్ది యూరోలు మించి రావు. మీ 'బిల్లియోన్' నోటును మాత్రం నాణేల వ్యాపారి ఒకరిద్దరికి చూపించండి. నకిలీ ముద్రణలు చాలా ఉన్నాయి, అసలుదైతే పెట్టెలో అమ్మదగ్గది అదొక్కటే.

ఇప్పుడు యుద్ధబాండ్లు. మీరు పంపిన ఫొటోలో బాండు కింద కూపన్ల షీటు కనిపిస్తోంది. పైవరుసలు కత్తెరతో నీటుగా కత్తిరించి ఉన్నాయి, కింది వరుసలు అలాగే ఉన్నాయి. బాండుకు 5 శాతం వడ్డీ, అంటే వెయ్యికి ఏడాదికి 50 మార్కులు. ముత్తాత గడువు వచ్చినప్పుడల్లా ఒక కూపన్ కత్తిరించి బ్యాంకులో ఇచ్చి వడ్డీ తెచ్చుకున్నారు. ఒక దశలో ఆ వడ్డీతో కత్తెర పట్టిన శ్రమ కూడా గిట్టక మానేశారు. ఆరు వేల మార్కులంటే యుద్ధానికి ముందు ఒక కార్మికుడి ఐదేళ్ల సంపాదన. జర్మనీ ఆ యుద్ధానికి పన్నులు పెద్దగా పెంచకుండా జనం దగ్గర ఇలా తొమ్మిది విడతల్లో సుమారు 9,800 కోట్ల మార్కులు అప్పు తెచ్చింది. గెలిచి ఓడినవాళ్ల దగ్గర వసూలు చేద్దామని లెక్క. ఓడిపోయింది.

1925 జూలై 16న వచ్చిన చట్టం ఈ ప్రభుత్వ బాండ్లకు నూటికి రెండున్నర కట్టింది. వెయ్యికి 25 కొత్త రైష్‌మార్కులు. 1920 జూలైకి ముందు నుంచే తమ దగ్గరుంచుకున్నవారికి లాటరీ పద్ధతిలో దానికి ఐదింతలు దక్కే హక్కు ఇచ్చారు. అయితే దరఖాస్తు పెట్టి బాండు కాగితం అప్పగించాలి. కాగితం ఇంకా మీ పెట్టెలో ఉందంటే ముత్తాత అప్పగించలేదనే అర్థం. ఆ అధ్యాయం అప్పుడే ముగిసింది.

మరి ఏజెంటు చెప్పే 1953 లండన్ ఒప్పందం సంగతి? ఒప్పందం నిజమే. జర్మనీ విదేశాలకు బాకీపడిన పాత అప్పును దాదాపు సగానికి తగ్గించి, వాయిదాలుగా కట్టించిన ఒప్పందమది. దేశం రెండుగా ఉన్నంతకాలం వాయిదా వేసిన కొన్ని పాత వడ్డీలు కూడా కట్టి, 2010 అక్టోబరు 3న ఆ లెక్క మూసేశారు. అది 1924, 1930లలో విదేశాల్లో అమ్మిన బాండ్ల లాంటి వాటికి, అదీ అసలైనవని పరిశీలనలో తేలినవాటికి. స్వదేశంలో అమ్మిన యుద్ధబాండుకు దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ 1,500 యూరోలు ఇవ్వకండి. మీ మరిదికి నచ్చజెప్పాలంటే, 'ఫీజు ముందు ఎందుకు, వచ్చినదాంట్లో పట్టుకోమను' అని ఏజెంటును అడగమనండి.

పొదుపు పుస్తకం కూడా అంతే, కానీ దాని కథ వేరు. 1945లో సోవియట్ సైన్యం వచ్చాక మీ వైపు బ్యాంకులు మూసేశారు. ఆ ఏడాది మే 9కి ముందున్న ఖాతాలను స్తంభింపజేశారు. 1948లో వాటిని పదికి ఒకటి చొప్పున లెక్కగట్టారు, అదీ చేతికివ్వకుండా బాకీగా రాసుకున్నారు. పశ్చిమాన మాత్రం బాగా జరిగిందా అంటే, అక్కడ ఖాతాలో ఉన్న వంద రైష్‌మార్కులకు ఆఖరికి దక్కింది ఆరున్నర డాయిష్ మార్కులు. అంటే మీవారి ముత్తాత పాతికేళ్లలో రెండుసార్లు పొదుపు పోగొట్టుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇక్కడ ఆగి మీ ఇంటి గొడవలోకి వద్దాం.

మీవారు ఆ పెట్టె చూపించి అప్పు వద్దంటున్నారు. కానీ ఆ పెట్టెలోని కాగితాలు చెప్పేది అప్పు ఇచ్చినవాడు మునిగాడని. యుద్ధబాండు అంటే ముత్తాత ప్రభుత్వానికిచ్చిన అప్పు. పొదుపు పుస్తకమంటే బ్యాంకుకిచ్చిన అప్పు. 1923లో అప్పు తీసుకున్నవాడికి ఏమీ కాలేదు, పైగా కలిసొచ్చింది. అందుకని మీవారి భయం 1923 నుంచి వచ్చింది కాదు. ఈ మాట పట్టుకుని మీ నాన్నగారి పక్షాన వాదనకు దిగకండి. ఆయన చెప్పిందీ సగమే.

ఎందుకంటే ఆ కలిసొచ్చిన అప్పుల మీద ప్రభుత్వం మళ్లీ చేయి వేసింది. 1923 నవంబరు చివర్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, మార్కు అంకె చూసి అప్పు తీరిందనడం న్యాయం కాదంది. 1925లో వచ్చిన మరో చట్టం ఇంటి తనఖా అప్పులను అసలు బంగారు విలువలో 25 శాతానికి తిరిగి నిలబెట్టింది. 1922 జూన్ 15 తర్వాత చవక నోట్లతో కట్టేసి, తనఖా చెల్లిపోయిందనుకున్నవాళ్ల మీదకు కూడా అది వెనక్కి వెళ్లింది. పైగా 1924 నుంచి ఇంటి యజమానుల మీద ప్రత్యేక పన్ను వేశారు, అప్పు తేలికైనందుకు. 1948 తర్వాత పశ్చిమాన ఇదే మళ్లీ జరిగింది. ఇంటి అప్పు పదోవంతుకు తగ్గింది, తగ్గిన తొమ్మిది వంతులను యజమాని ప్రభుత్వానికి కట్టాల్సి వచ్చింది. ఇల్లూ ఫ్యాక్టరీ నిలిచినవాళ్లు 1952 చట్టం కింద 1948 జూన్ నాటి ఆస్తి విలువలో సగాన్ని మూడు నెలలకోసారి, ముప్పై ఏళ్లపాటు కట్టారు. ఆ సొమ్ము ఊళ్లు వదిలి వచ్చిన శరణార్థులకూ బాంబుల్లో ఇళ్లు పోయినవాళ్లకూ వెళ్లింది. నా దృష్టిలో జర్మనీ చేసిన మంచి పనుల్లో అదొకటి. కాకపోతే భూమి, ఇల్లు ఉంటే ఏ సంక్షోభమూ అంటదనే మాట జర్మనీ విషయంలో నిలవదు. ఇల్లు ఎక్కడికీ పోలేదు గనకే పన్ను వేయడం తేలికైంది.

అప్పు చేసినవాడు మునిగిన కాలమూ ఉంది. మీ ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. జర్మనీ అనగానే బండినిండా నోట్లు, వెంటనే హిట్లర్ అని గుర్తొస్తుంది గానీ, ఆ రెంటికీ మధ్య పదేళ్లున్నాయి. రెంటెన్‌మార్క్ 1923 నవంబరు 15న వచ్చింది. మొత్తం 320 కోట్లకు మించి వేయకూడదని, అందులో ప్రభుత్వానికి 120 కోట్లకు మించి ఇవ్వకూడదని హద్దు పెట్టారు. దానికి పొలాలు, ఫ్యాక్టరీల తనఖా వెనక ఉందన్నారు గానీ ఎవరూ నోటిచ్చి పొలం తెచ్చుకోలేరు. పనిచేసింది ఆ హద్దే. ప్రభుత్వం కేంద్రబ్యాంకులో అప్పు రాసి నోట్లు తెచ్చుకోవడం ఆగింది, ధరలు ఆగాయి. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 12 సీట్లు.

తర్వాత వచ్చింది దానికి తలకిందుల సంక్షోభం. 1929 చివర్లో అమెరికా డబ్బు వెనక్కి పోవడం మొదలైంది, 1931 జూలై 13న దనాట్ అనే పెద్ద బ్యాంకు తలుపులు తెరవలేదు. చాన్సలర్ బ్రూనింగ్ అత్యవసర శాసనాలతో జీతాలు, ధరలు, పింఛన్లు కోశాడు. మార్కు విలువ పడలేదు, పెరిగింది. వంద మార్కుల అప్పు వందగానే ఉంది, కట్టాల్సినవాడి జీతం తగ్గింది, లేదా పోయింది. 1932 ఫిబ్రవరిలో నిరుద్యోగులు 61 లక్షలు. ఆ జూలైలో నాజీలకు 230 సీట్లు. అప్పు తీసుకున్న రైతుల పొలాలు వేలానికొచ్చింది ఈ కాలంలోనే. 'సంక్షోభంలో అప్పు చేసినవాడు గెలుస్తాడు' అనే మీ నాన్నగారి సూత్రం 1923కు సరిపోతుంది, 1931కి సరిపోదు. వచ్చే సంక్షోభం ఏ రకందో ఎవరూ చెప్పలేరు.

మరి మీవారి భయం ఎక్కడిది? మీ ఉత్తరంలోనే మీరు ఒక వాక్యం రాసి దాటేశారు: అత్తగారు రసాయన ఫ్యాక్టరీలో పనిచేసేవారు, 1991లో ఉద్యోగం పోయింది, తర్వాత నాలుగేళ్లు పని దొరకలేదు అని. మీవారికి అప్పుడు ఎనిమిదేళ్లు.

1990లో అత్తగారికి 37 ఏళ్లు. ఆ వయసువారికి 4,000 మార్కుల దాకా ఒకటికి ఒకటి, ఆపైన రెండుకు ఒకటి. జీతాలు మాత్రం పూర్తిగా ఒకటికి ఒకటి. పొదుపు పరంగా అది ఉదారమైన మార్పిడి, 1923, 1948లతో పోలికే లేదు. దెబ్బ జీతాల దగ్గర తగిలింది. అంతకుముందు తూర్పు ఫ్యాక్టరీలు పశ్చిమాన ఒక డాయిష్ మార్కు సంపాదించాలంటే సుమారు 4.4 తూర్పు మార్కుల ఖర్చయ్యే సరుకు పంపాల్సి వచ్చేది. ఒక్క రాత్రిలో జీతాలన్నీ డాయిష్ మార్కులయ్యాయి. నాలుగు మార్కులు పెట్టి ఒక మార్కుకు అమ్మే ఫ్యాక్టరీ ఎన్నాళ్లు నిలుస్తుంది? పాత కొనుగోలుదారులైన సోవియట్, తూర్పు యూరప్ దేశాల దగ్గర డాయిష్ మార్కులు లేవు. సుమారు 8,500 సంస్థలు, 40 లక్షల మంది కార్మికులు, తూర్పు ప్రభుత్వ సంస్థలను అమ్మడానికి పెట్టిన ట్రాయ్‌హాండ్ అనే ఒకే సంస్థ చేతికి వెళ్లాయి. అది 1994 చివరికి ఎక్కువ వాటిని అమ్మి, మిగతావాటిలో చాలా మూసి, తానూ మూతపడింది. హాలె, బిటర్‌ఫెల్డ్, ల్యూనా ప్రాంతపు రసాయన కార్మికులు ఆ దెబ్బ ముందువరసలో తిన్నారు.

అత్తగారి డబ్బు నిలిచింది, పని పోయింది. ఎనిమిదేళ్ల పిల్లవాడు చూసింది అది. వాయిదాలు కట్టాల్సిన అప్పు ఆ ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మనిషి ఇప్పుడు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. ఆ రంగం ఇవాళ ఎలా ఉందో మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకని ఆయన భయాన్ని పాతకాలపు మూఢనమ్మకంగా తీసిపారేయకండి. 1923 గురించి వాదిస్తే ఆయన లేచి వెళ్లిపోతారు. 'నీ ఉద్యోగం పోతే వాయిదా కట్టగలమా?' అనే ప్రశ్న మీరే ముందు వేసి, కాగితం మీద లెక్కతో కూర్చోండి. ఆ లెక్క ఇలా ఉంటుంది.

ఫ్లాటు 2 లక్షల 20 వేల యూరోలన్నారు. మీ రాష్ట్రంలో కొనుగోలు పన్ను 5 శాతం. నోటరీ, భూమి రిజిస్టరు, బ్రోకరు వాటా కలిపితే మొత్తం పైఖర్చు 10 శాతం దాకా అవుతుంది, అంటే 22 వేలు. లక్షా 80 వేలు అప్పు తీసుకుంటే మీ చేతి నుంచి 62 వేలు పోతాయి, 33 వేలు మిగులుతాయి. వడ్డీ మూడున్నర శాతం, మొదటి ఏడాది అసలులో తీర్చే భాగం 3 శాతం అనుకుంటే నెలవాయిదా 975. దీనికి సొసైటీ నిర్వహణ ఖర్చు ఒక 280 కలపండి, అద్దెలో కనిపించని ఈ ఖర్చును చాలామంది మరిచిపోతారు. అద్దె 950 తీసేస్తే ఇంటి ఖర్చు 3,505 అవుతుంది.

పిల్లలున్నవారికి నిరుద్యోగ భృతి చేతి జీతంలో 67 శాతం. మీ వయసుకు, రెండేళ్ల చందాలు కట్టి ఉంటే, 12 నెలలు వస్తుంది. ఆయన ఉద్యోగం పోతే 1,742, మీ 2,900తో కలిపి 4,642. గట్టెక్కుతారు. ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి పోతే 3,685, నెలకు 180 మిగులు. ఏడాది తర్వాత చేతిలోని 33 వేలే దిక్కు, అది తొమ్మిది నెలల ఖర్చు. ఫ్యాక్టరీ మూయకుండా పనిగంటలు తగ్గిస్తే, పోయిన గంటల జీతానికీ ఇదే 67 శాతం వస్తుంది. 2020 ఏప్రిల్‌లో 60 లక్షల మంది ఆ పద్ధతి మీదే ఉద్యోగాల్లో నిలిచారు. మీ అత్తగారికి 1990, 91లలో పనిగంటలు సున్నాకు తగ్గించి ఇదే పేరుతో కొన్నాళ్లు జీతమిచ్చి, ఆ తర్వాత ఇంటికి పంపి ఉండొచ్చు. తూర్పున లక్షల మందికి అలాగే జరిగింది. కాబట్టి ఆయనకు ఈ మాట చెప్పగానే ఊరట కలుగుతుందనుకోకండి.

ఈ లెక్క చూశాక మీ ముందు మూడు దారులున్నాయి.

కొనడం ఒకటి. కొంటే వడ్డీ పదిహేనేళ్లకు స్థిరంగా ఉండేలా తీసుకోండి. పదేళ్లకన్నా కాస్త ఖరీదు. అయినా చట్ట ప్రకారం పదేళ్లు నిండాక ఆరు నెలల నోటీసుతో మీరు ఎప్పుడైనా తీర్చేయొచ్చు, బ్యాంకు మాత్రం మిమ్మల్ని కదపలేదు. ఏడాదికి 5 శాతం అదనంగా కట్టే హక్కు, వాయిదాను పెంచే తగ్గించే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. అసలులో తీర్చే భాగం 2 శాతం పెట్టుకుంటే వాయిదా 825కి దిగుతుంది, కానీ పదేళ్ల తర్వాత ఇంకా లక్షా 37 వేలు మిగులుతుంది. 3 శాతమైతే లక్షా 15 వేలు. 3తో మొదలుపెట్టి, కష్టమొస్తే 2కు దించుకునే వీలుంచుకోవడం మీ ఇంటికి సరిపోతుందని నా అభిప్రాయం. ఈ దారిలో నష్టం ఏమిటంటే ఊరు మారి ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే ఫ్లాటు కాళ్లకు అడ్డం పడుతుంది. 1990ల్లో తూర్పు నుంచి లక్షల మంది పశ్చిమానికి వెళ్లాక హాలెలో వేల ఇళ్లు ఖాళీగా ఉండిపోయాయి, కొన్ని పెద్ద భవనాలను కూల్చేశారు కూడా. ఇంటి ధర ఎప్పుడూ పెరుగుతుందని మీవారికి మాత్రం చెప్పకండి. ఆయన కళ్లతో చూశారు.

రెండోది, ఒకటి రెండేళ్లు ఆగడం. ఆయన ఫ్యాక్టరీ సంగతి తేలేదాకా నెలకు వెయ్యి చొప్పున పక్కన పెడితే, రెండేళ్లకు 24 వేలు కలుస్తాయి, అప్పు లక్షా 56 వేలకు దిగుతుంది. ఈలోగా వడ్డీ, ధర పెరగొచ్చు. ఆ నష్టం భరించగలిగితే ఇంట్లో శాంతికి ఇది తక్కువ ఖరీదు.

మూడోది, కొనకుండా అద్దెలోనే ఉండడం. జర్మనీలో సగం మందికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటారు, అందులో నామర్దా ఏమీ లేదు. కానీ అప్పుడు 95 వేలూ పొదుపు ఖాతాలోనే ఉంచితే, మీరు ముత్తాత కూర్చున్న చోటే కూర్చున్నట్టు. ఉన్నదంతా ఒకే రకం హామీ కాగితం మీద పెట్టినట్టు. కొంత వాటాల ఫండ్లలో పెట్టాలి. అదీ మీవారితో మాట్లాడాల్సిందే.

అత్తగారి 40 వేల గురించి. ఇంట్లో నోట్లు దాచడం 1948లో జరిగినదానికి మందు కాదు. పశ్చిమాన కొత్త మార్కు వచ్చిన ఆదివారం, జూన్ 20న, ఖాతాలో ఉన్నవాళ్లతో పాటు నోట్లు దాచుకున్నవాళ్లూ పోగొట్టుకున్నారు. మనిషికి మొదట 40 కొత్త మార్కులు చేతికిచ్చారు, పాత నోట్లు బ్యాంకులో అప్పగించాల్సిందే. మెల్లగా తినేసే ధరల పెరుగుదలకు నోట్లు మరీ లొంగుతాయి. 2022లో ధరలు 6.9 శాతం, 2023లో 5.9 శాతం పెరిగాయి. ఆ రెండేళ్లూ బీరువాలో ఉన్న 40 వేల నోట్ల విలువ 35,300కు దిగింది. దొంగతనం జరిగితే ఇంటి బీమా నోట్లకు సాధారణంగా ఒకటి రెండు వేలు మించి ఇవ్వదు. బ్యాంకులో అయితే మనిషికి, బ్యాంకుకు లక్ష యూరోల దాకా చట్టం హామీ ఉంది. అయినా ఆవిడ డబ్బు ఆవిడది. ఆవిడకు కావాల్సింది చేయి చాచితే అందే ధైర్యమైతే, రెండు మూడు నెలల ఖర్చు ఇంట్లో ఉంచనివ్వండి. బంగారం అడిగితే 5 వేల దాకా నాణేలు కొనండి. ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్ను లేదు, రసీదు భద్రం. మిగతాది ఆవిడ పేరిటే మూడు నాలుగు ముక్కలుగా ఏడాది, రెండేళ్ల డిపాజిట్లు. మీ ఇంటి కొనుగోలులో ఆ డబ్బు కలపకండి. ఫ్లాటు విషయంలో ఏదైనా తేడా వస్తే 1991లో పని పోగొట్టుకున్న మనిషికే ఇప్పుడు డబ్బూ పోయినట్టవుతుంది.

ఒంగోలు పొలం సంగతి ఒక్కమాటలో చెప్తాను. విదేశంలో స్థిరపడిన భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, ఇంటిస్థలం కొనొచ్చు. నాన్నగారి పేరిట కొనే ఆలోచన ఉంటే, రేపు తోబుట్టువుల వాటాల సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. యూరోల్లో ఖర్చుండి రూపాయల్లో ఆస్తి ఉంటే, అవసరమైన రోజున అమ్మి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

ఆఖరుగా, మీరు అంతగా పట్టించుకోని ఆ ఆకుపచ్చ పుస్తకం. అత్తగారి పేరు, లోపల ఏడాదికో వరుసలో సంస్థ ముద్ర, జీతం అంకె ఉంటే, అది తూర్పు జర్మనీ నాటి ఉద్యోగ, సామాజిక బీమా పుస్తకం. పెట్టెలో అన్నిటికన్నా విలువైనది అదే కావచ్చు. మూతపడిన సంస్థల జీతాల రికార్డులు 2011 చివరిదాకానే దాచాలన్నారు, ఆ తర్వాత చాలావరకు నాశనం చేశారు. ఆవిడ ఏ ఏడాది ఎంత సంపాదించారన్నదానికి ఈ పుస్తకమే సాక్ష్యం. ఆవిడ పింఛను ఉత్తర్వు తీసి, వెనక ఉన్న సంవత్సరాల పట్టికను పుస్తకంలోని ముద్రలతో వరుసగా పోల్చండి. ఏదైనా ఏడాది లేకపోయినా, జీతం తక్కువగా పడినా, పింఛను కార్యాలయానికి పునఃపరిశీలన దరఖాస్తు పెట్టండి. తప్పు తేలితే గడిచిన నాలుగేళ్ల తేడా కూడా కట్టిస్తారు. అసలు పుస్తకం పోస్టులో పంపకండి, ప్రతి పేజీకీ ధ్రువీకరించిన నకలు తీయించండి. ఆ పోల్చే పని మీవారిని, అత్తగారిని ఒకచోట కూర్చోబెట్టి చేయించండి. ఆఖరి ముద్ర 1991 దగ్గర ఆగుతుంది. ఆ పేజీ దగ్గర ఆవిడే మాట్లాడతారు, మీరు ఏమీ అడగక్కర్లేదు. ఫ్లాటు లెక్క కాగితం మర్నాడు తీయండి.